సిపాయీల జాడ

యాత్రయనిన మనకు కాశియో రామేశ్వరమో తిరుపతియో తలపునకు వచ్చును. తీర్థమును క్షేత్రమును లేని చోటికి సముద్రము దాటి పోయివచ్చితిమని చెప్పినచో, "అచట నేమి చూచితిరి?" అని యిరుగుపొరుగువా రడుగుట సహజము. మేము చూచినవి పాత కాగితములు. ఆ పిదప నొక రాతి ప్రాకారము. ఆ రెంటియందును వెదకినది మనదేశపు సిపాయీల జాడ.

1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధములో 13 లక్షలకు పైబడిన భారతీయులు పనిచేసిరి. సుమారు 74 వేలమంది మరల నిల్లు చేరలేదు. ఫ్రాన్సు, బెల్జియము దేశముల పోరుభూమికి పోయినవారే 1,40,000కు దగ్గరగా నుందురు. మావారు పాఠశాలలో చరిత్ర బోధింతురు. యుద్ధము మొదలైన తేదియు ముగిసిన తేదియు పాఠములో నున్నవిగాని, ఆ నడుమ కందకములో నిలిచిన సిపాయి యేమి తినెను, ఎవరిని తలచెను, వాని యింటికి కబు రెట్లు పోయెను అను సంగతి యెచ్చటను లేదని వారు తరచుగా ననుచుందురు. ఆ కొరత మా మనసునను నాటినది. లండనులో నుద్యోగము చేయుచున్న మా మరిది వేసవిసెలవులకు రమ్మని పిలువగా, ఆ నగరపు వింతలకంటె ముందుగా నచ్చటి దప్తరములను చూడవలయునని నిశ్చయించుకొని బయలుదేరితిమి.

ఈ వెదకులాట తెలుగువారికి పరాయిది కాదు. 18వ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీవారి సిపాయీలను క్లైవు దొర మద్రాసునుండి వంగదేశమునకు తీసికొనిపోయెను. వారిని చూచి యచ్చటివారు సిపాయికి "తిలంగా" యని పేరు పెట్టిరి. అది తెలుగుదేశపు పేరునుండి పుట్టిన మాట. ఆ వెనుక నూరేండ్లవరకు కంపెనీ యుడుపు తొడిగినవాడు అవధువాడైనను బీహారువాడైనను ఉత్తరదేశపు జనులకు తిలంగాయే. అయితే 1880 ప్రాంతమునుండి ఏలికలు కొన్ని జాతులే పోరునకు తగినవని యొక సిద్ధాంతము కల్పించుకొని, మద్రాసు పటాలములను క్రమముగా తగ్గించిరి. అందుచే 1914 నాటి సైన్యమున పంజాబు, గఢ్వాలు, నేపాలు వారు మిక్కుటముగా నుండిరి. అయినను మనవారు లేకపోలేదు. మద్రాసు సాపర్లు మెసపొటేమియాలో పనిచేసిరి. హైదరాబాదు లాన్సర్లు ఈజిప్టునకును పాలస్తీనాకును పోయిరి. ఢిల్లీలో తీన్‌మూర్తి యనబడు కూడలియందు నిలిచిన మూడు కంచు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధపూరు సంస్థానముల ఆశ్వికదళములకు గుర్తుగా 1922లో నిలిపినవి. వానిని చూచుచు పోవువారిలో ఆ మువ్వురిలో నొకడు హైదరాబాదువాడని యెరిగినవా రెందరు?

లండనులో మేము మొదట పోయినది క్యూ అను చోటికి. నగరమునకు పడమరగా థేమ్సునది దాపున బ్రిటిషు ప్రభుత్వపు నేషనల్ ఆర్కైవ్స్ కలదు. భవనము ముందు కొలనును, అందు బాతులును చూచి, ఇది యుద్ధపు కాగితములుండు చోటేనా యని సందేహము కలుగును. లోపల నియమములు మాత్రము గట్టివి. చేతిసంచులు బయటనే యొక పెట్టెలో పెట్టి తాళము వేసికొనవలెను. తీసికొనిపోదగినవానిని లోపలిది కనబడు పల్చని సంచిలో వేసికొనవలెను. కలము పనికిరాదు, పెన్సిలు మాత్రమే. తినుబండారము లసలే కూడవు. మన యిండ్లలో మడికట్టుకొనినవారు వంటయింటిలోనికి పోవునట్లే యని మేము నవ్వుకొంటిమి. కాగితము నొక మెత్తపై బరువు పడకుండ నుంచి, పుటలను మెల్లగా త్రిప్పవలెను.

అచ్చట మేము చూచినది యుద్ధదినచర్య. యుద్ధభూమిలో నున్న ప్రతి పటాలమును ఏనాటి సంగతి నానాడే వ్రాసి యుంచవలెనని సైన్యపు నిబంధన. అందులకొక అచ్చుఫారము కలదు. అందు స్థలము, తేది, వేళ, జరిగిన సంగతి, రిమార్కులు అని గళ్లుండును. పెక్కుపుటలు పెన్సిలుతోనే వ్రాసియున్నవి. వర్షము, కందకములో నీరు, రొట్టెలబండి రాక, రాత్రి తుపాకుల చప్పుడు, ఇవియన్నియు నొకే స్వరముతో వ్రాయబడినవి. ఇంటి పద్దుపుస్తకము వ్రాయు మనకు ఆ స్వరము తెలియనిది కాదు. చావును పద్దువలెనే వ్రాసిరి.

మేము వెదకినది నవ్ షపెల్ అను ఫ్రెంచి పల్లెకడ జరిగిన పోరు. భారతసైన్యములోని లాహోరు, మీరటు డివిజనులు 1914 సెప్టెంబరు నెలాఖరునుండి మార్సెయి రేవులో దిగి, అక్టోబరునాటికి కందకములు చేరినవి. వేసవికి తగిన పలుచని దుస్తులతో వచ్చినవారికి ఆ యేటి చలికాలమే మొదటి శత్రువు. 1915 మార్చి 10వ తేది యుదయము 7 గంటల 30 నిమిషములకు ఫిరంగులు మ్రోగనారంభించి, 35 నిమిషములపాటు మ్రోగినవి. 8 గంటల 5 నిమిషములకు పదాతులు కందకములు వెడలి పరుగెత్తిరి. పల్లె యానాడే చేజిక్కినది. కాని గుండ్లదెబ్బకు టెలిఫోను తీగలు తెగి, ముందున్నవారి సంగతి వెనుకవారికి తెలియక, వెనుకవారి యాజ్ఞ ముందున్నవారికి వేళకు అందక, దినమెల్ల గడచిపోయినది. ఆలోపల జర్మనులు క్రొత్తబలము తెచ్చుకొనిరి. 13వ తేదికి పోరు నిలిచిపోయినది. చిక్కిన నేల కొలదిపాటిదే. ఆ నాలుగుదినములలో ఇండియన్ కోరునకు చెందినవారు హతులును క్షతగాత్రులును 4 వేలకు పైబడిరి.

దినచర్యలో ఇంతవరకు గడియలతో సహా తెలియును. దొరలు పడినచో వారి పేర్లు తెలియును. సిపాయీల సంగతి వచ్చునప్పటికి, ఇందరు హతులు, ఇందరు క్షతగాత్రులు, ఇందరు కానరానివారు అని యంకెలే మిగులును. భారతమున సంజయుడు గ్రుడ్డిరాజునకు యుద్ధవార్త చెప్పిన తీరు మాకు జ్ఞప్తికి వచ్చినది. భీష్ముడెట్లు పడెను, ద్రోణుడెట్లు పడెను, కర్ణుడెట్లు పడెను అని ప్రత్యేకముగా జెప్పును. పదునెనిమిది యక్షౌహిణులలో తక్కినవారు లెక్కలో కలిసిపోయిరి. వారి తల్లులును భార్యలును రణభూమికి వచ్చి యేడ్చిన కథకు స్త్రీపర్వమని వేరొక పర్వము కావలసివచ్చినది. యుద్ధదినచర్యలకు స్త్రీపర్వము లేదు.

బ్రిటిషు సైనికులకైనచో ఒక్కొక్కనికి ఒక్కొక్క కాగితపుకట్ట యుండెడిది. ఊరు, వయస్సు, ఎత్తు, భార్య పేరు, గాయము, జీతము అన్నియు నందుండెడివి. 1940 సెప్టెంబరులో జర్మను విమానములు లండనుపై వేసిన బాంబులచే ఆ గిడ్డంగి కాలిపోయి, సుమారు నూటికి 60 వంతుల కట్టలు బూడిదయైనవి. మిగిలినవానికి నేటికిని కాలిన కాగితములనియే పేరు. మన సిపాయీల కట్టలు ఆ గిడ్డంగిలో నుండినవి కావు. అవి స్వదేశమున పటాలముల యొద్దనే యుండి, ఎక్కువభాగము చెదరిపోయినవి. ఒక్క పంజాబులో మాత్రము గ్రామగ్రామమునకు వ్రాయించిన రిజిష్టరులు లాహోరు మ్యూజియములో దాదాపు నూరేండ్లు చూచువారు లేక పడియుండి, 2021లో వెలుగు చూచినవి. 26 వేల పుటలలో 3,20,000 మంది సంగతి వానియందు కలదు.

క్యూలో అంకె దొరకినది. మనిషి మాట దొరకవలెనన్న బ్రిటిషు లైబ్రరీకి పోవలెనని యచ్చటి యుద్యోగిని యొకామె చెప్పినది. పాత ఇండియా ఆఫీసువారి కాగితములు ఇప్పుడు సెంట్ పాంక్రాస్ స్టేషను ప్రక్కనున్న ఆ గ్రంథాలయమునందున్నవి. వానిలో సెన్సారువారి రిపోర్టులు కలవు.

మన సిపాయీలు ఫ్రాన్సునుండి ఇండ్లకు వ్రాయు జాబులను, ఇండ్లనుండి వారికి వచ్చు జాబులను చదివి చూచుటకై బొలోన్ రేవులో నొక కచేరీని నెలకొల్పిరి. హోవెల్ అను దొర దానికి పెద్ద. 1915 తొలినెలలలో వారమునకు పదివేలనుండి యిరువదివేల జాబులు ఆ చేతులమీదుగా పోయెడివట. అన్నిటిని చదువుట యసాధ్యముగాన కొన్నింటిని తీసి, ముఖ్యమైన వాక్యముల నింగ్లీషు చేసి, సైనికుల మన స్సెట్లున్నదో తెలియజేయు రిపోర్టులో కూర్చి పైవారికి పంపెడివారు. వ్రాసినవా డెవడు, ఏ పటాలము, ఎవరికి, ఏ యూరికి, ఏ భాషలో, ఏ తేదిని అని తలకట్టున నుండును. గురుముఖి, ఉర్దూ, హిందీ మొదలగు భాషలలో వ్రాసిన మూలజాబులు మాత్రము మిగులలేదు. తల్లి కొడుకును పిలుచు ముద్దుపేరు, కొడుకు తల్లికి జెప్పు మ్రొక్కు, ఇంగ్లీషు గుమాస్తా మాటలలోనే మనకు చేరినవి.

పరుల జాబు విప్పి చదువరాదని మనము పిల్లలకు జెప్పుదుము. ఆ తప్పును సర్కారువారు చేసిరి. ఆ తప్పు చేయకుండినచో నేడు ఆ సిపాయీల మాట యొక్కటియు మనకు వినబడియుండదు. ఈ చిక్కును తలచుచునే మేము పుటలు త్రిప్పితిమి. తమ జాబులు చదువబడునని సిపాయీలకును తెలియును. కావున గూఢముగా వ్రాసెడివారు. నల్లమిరియమనిన భారతీయులు, ఎఱ్ఱమిరప యనిన తెల్లసోల్జర్లు. ఏ దినుసు ఎంత ఖర్చయినదో వ్రాసినచో నింటివారికి బోధపడును. యుద్ధములోనికి మా తమ్ముని పంపవద్దని నేరుగా వ్రాయరాదు గనుక మాటలు చాటుచేసి వ్రాసినవారు కలరు. కాబట్టి ఆ రిపోర్టులో నున్నదంతయు మనసు విప్పి చెప్పినదని నమ్మరాదు. చెప్పక మ్రింగినది చాల కలదు. పెక్కుమందికి చదువు రాదు. తోడివాడొకడు వ్రాసిపెట్టును, ఊరిలో మరియొకడు చదివి వినిపించును. భార్యతో జెప్పుకొనదగిన మాట అంతమంది చెవులు దాటి యెట్లు పోవును?

అయినను ఎన్నియో సంగతులు వానియందున్నవి. చలి, బురద, పేలు, ఎడతెగని వాన. ఈ పోరు లోకాంతమువలె నున్నదనియు, భారతయుద్ధము వంటిదనియు కొందరు వ్రాసిరి. ఫ్రాన్సులో తాము బసచేసిన యిండ్ల ముసలమ్మలు తల్లివలె నాదరించిరని మురిసినవారు కలరు. మగవారందరు యుద్ధమునకు పోగా అచ్చటి స్త్రీలు పొలము దున్ని, లెక్కలు వ్రాసి, పత్రికలు చదువుట చూచి, మన యాడుపిల్లలను బడికి పంపుడని యింటికి వ్రాసిన సిపాయీలు కలరు. ఈ మాట చదివినప్పుడు మాకు కన్నులు చెమర్చినవి. మా తండ్రిగారు మమ్ము కూర్చుండబెట్టి భారతభాగవతములు చెప్పిరి. అట్టి భాగ్యము తన కూతునకు కలుగవలెనని పరదేశపు కందకములో తలచినవానిపేరు ఏ పాఠములోను లేదు.

ఇండ్లనుండి పోయిన జాబులు ఆ రిపోర్టులలో కొద్ది. అందు స్త్రీల పేర నున్నవి మిక్కిలి కొద్ది. కొడుకు మాట సగము దొరకినది. తల్లి మాట దొరకలేదు.

జాబులలో పలుమారు బ్రైటను అను ఊరిపేరు కనబడుటచే నొకనా డక్కడికిని పోయితిమి. సముద్రతీరమున, మన నవాబుల మేడలవలె గుమ్మటములు దీర్చిన యొక రాజభవనము కలదు. 1914 డిసెంబరు మొదలు ఒక యేటికి పైగా దానిని గాయపడిన భారతీయులకు ఆస్పత్రిగా చేసిరి. వారి వారి యాచారములకు భంగము రాకుండ తొమ్మిది వంటశాలలు పెట్టి, నీటికొళాయిలు సైతము హిందువులకును ముసల్మానులకును వేరుచేసిరి. ఊరివెలుపల గడ్డిమిట్టమీద తెల్లనిరాతి ఛత్రి యొకటి కలదు. అచట 53 మంది హిందువులకును సిక్కులకును దహనసంస్కారము జరిగినది. గాలి తప్ప మరియొక చప్పుడు లేని చోటు. పుత్రులు దగ్గర లేక, ఎవరో కొరవి పెట్టిన యా యేబదిముగ్గురికి మేము నీళ్లు విడిచి దిగివచ్చితిమి.

సెంట్ పాంక్రాస్ స్టేషనులో నెక్కిన రైలుబండి సముద్రము క్రిందుగా పోయి ఫ్రాన్సులోని లీల్ పట్టణము చేర్చును. అచ్చటినుండి నైరుతిగా కారులో పోయినచో చదునైన పొలముల నడుమ నవ్ షపెల్ వచ్చును. పల్లెవెలుపల నాలుగుదారులు కలియుచోట నున్నది మేము వెదకుచు వచ్చిన రాతి ప్రాకారము. గుండ్రని గోడ, ఒకవైపున అశోకస్తంభమును దలపించుచు సుమారు 15 మీటరుల యెత్తున నిలిచిన స్తంభము, దాని కిరుప్రక్కల రెండు పెద్దపులులు. బేకరు అను శిల్పి నిర్మించినది. 1927 అక్టోబరు 7న బర్కెన్‌హెడ్ ప్రభువు దీనిని తెరచెను. యుద్ధకాలమున ఇండియన్ కోరు చేసినపనులను వ్రాసియుంచు నుద్యోగము చేసినవాడును అతడే. లోపలిగోడపై సమాధియైనను తెలియని 4,700 మందికి పైబడిన భారతీయుల పేర్లు పటాలముల వరుసను చెక్కబడియున్నవి. మన యూళ్లలో వీరగల్లు ముందు పసుపుకుంకుమ లుంచుట కలదు. ఇచట నట్టివా రెవరును లేరు, గడ్డి మాత్రము చక్కగా కత్తిరించి యున్నది.

ఆ గోడమీద గబర్ సింగ్ నేగీ పేరు వెదకి చూచితిమి. గఢ్వాలు కొండలవాడు; 20 యేండ్లు నిండలేదు. మార్చి 10న శత్రువుల కందకములోనికి మొదట చొరబడి, మలుపు మలుపునకు తానే ముందునడచి, వారు లొంగిపోవువరకు తరిమి, అచ్చటనే పడిపోయెను. అతనికి విక్టోరియాక్రాస్ పతక మిచ్చిరి. పిన్నవయసుననే వితంతువైన యతని భార్య ఆ పతకమును వస్త్రముపై ధరించుకొని తిరిగెడిదని గఢ్వాలువారు నేటికిని చెప్పుకొందురు. ఈ యొక్కనికి కథ యున్నది. అతని ప్రక్కనే చెక్కిన పేర్ల కెన్ని కథలుండెనో!

అచటనే యొక కంచుఫలకమున్నది. జర్మనీలో చెరయందు మరణించిన భారతీయులు 200కు పైబడినవారి పేర్లు 1964లో దానిపై చేర్చిరి. బెర్లినుకు దాపున నర్ధచంద్ర శిబిరమనుచోట మన సిపాయీలను బందీలుగా నుంచి, జర్మను పండితులు వారిచే పాటలు, కథలు చెప్పించి గ్రామఫోను పలకలపై నెక్కించిరి. ఆ పలకలు బెర్లినులో హంబోల్ట్ విశ్వవిద్యాలయమున నున్నవి. 1916 డిసెంబరులో పలికిన మాల్ సింగ్ అను సిపాయి, తన దేశములో వెన్నతిని పెరిగిన సంగతి తలచుకొని, తిరిగి పోయినచో నదే మరల తిందునని చెప్పెను. వెన్నపెట్టిన చేయి యెవరిదో చెప్పనక్కరలేదు గదా!

పేరు చెక్కుట యెంతటిదో తెలియవలెనన్న ఇరాకులోని బాస్రా స్మారకమును తలచవలెను. మెసపొటేమియాలో పడిన భారతీయులలో సుబేదారు మొదలగువారి పేర్లు మాత్రమే యచట రాతికెక్కినవి. సిపాయీలను పటాలమునకు ఇందరని యంకెవేసి విడిచిరి. ఈ భేదము తప్పని యుద్ధసమాధుల కమీషనువారే 2021లో నొక నివేదికలో నొప్పుకొనిరి. క్యూలోని యంకె బాస్రాలో రాయియైనది.

ఆ కమీషనువారి రిజిష్టరులను నేడు ఎవరైనను ఇంటనుండియే కంప్యూటరుపై చూడవచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున మద్రాసు రాజధానినుండి సైన్యమునకు పోయినవారు మిక్కిలి యెక్కువ. బర్మాలో పడి సమాధి తెలియనివారు సుమారు 27 వేలమంది పేర్లు రంగూను స్మారకముపై నున్నవి. ఆ రిజిష్టరులో పెక్కు పేర్లక్రింద, ఫలానివాని కుమారుడు, ఫలానిదాని భర్త, ఫలాని గ్రామము అని యుండును. తూర్పుగోదావరి, విశాఖపట్నము, చిత్తూరు జిల్లాల పేర్లు అందున్నవి. ఆ యొక్క పంక్తిలోనే, యుద్ధపు కాగితములన్నింటిలోను మేము వెదకిన స్త్రీ కనబడినది. ఆమె చేసినపనియు లేదు, ఏడ్చిన యేడ్పును లేదు, పేరు మాత్రమున్నది. అయినను ఆ పేరువలననే వాడు అంకె కాక మనుష్యుడైనాడు.

ఇంతదూరము తిరిగి మాకు తెలిసినది ఒక్కటి. పోరు జరిగిన గడియను సర్కారు దాచును. పోయినవాని మాటను దాచవలసినది ఇల్లు. దప్తరములో లేని సగము మన యిండ్ల పెట్టెలలో నుండవచ్చును. కావున సోదరీమణులకు మా మనవి. తాతలనాటి భోషాణము శుభ్రము చేయునపుడు పాతజాబులను చీకిపోయినవని పొయ్యిలో వేయకుడు. పటాలమునుండి సెలవుపుచ్చిన సర్టిఫికెట్టు, పింఛను పుస్తకము, ఉడుపుతో దిగిన పటము కనబడినచో నెండ తగులనిచోట పల్చని గుడ్డలో చుట్టి యుంచుడు. పటము వెనుక పేరును ఊరును పెన్సిలుతో వ్రాయుడు. మొదటి యుద్ధపు పతకమున్నచో దాని యంచును చూడుడు. సిపాయి నెంబరు, హోదా, పేరు, పటాలము అందు ముద్రించి యుండును. ఆ యంచుపంక్తి చేత పట్టుకొనియే క్యూలోని దినచర్యలో వాని పటాలము ఏనా డెచట నుండెనో తెలిసికొనవచ్చును. వెండిపతకమని కంసాలి కొలిమిలో కరగింపకుడు. వీనికంటెను ముందు, ఇంటిలోని ముసలమ్మల నడుగుడు. ఎవరు పోయిరి, ఏమి వ్రాసిరి, కబురు వచ్చిననా డింటిలో నేమి జరిగెను అని యడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసియుంచుడు. స్త్రీపర్వము వ్రాయవలసినది మనమే.